కొద్ది సొమ్ముతో ఇంటికి కంప్యూటరు

ఇంటరు ఫలితాలు వచ్చి పిల్లలు డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరే రోజులలో, మన తల్లిదండ్రులు చాలామంది కంప్యూటరు కొనడానికి పట్నం వెళ్తారు. దుకాణంలో ఒక చీటీమీద పది వస్తువుల పేర్లు రాసి, కింద మొత్తం వేసి చేతికిస్తారు. ఆ పదింటిలో ఏది అవసరమో, ఏది హంగో తండ్రికి తెలియదు. అడుగుదామంటే మొహమాటం. "ఇది తీసుకోండన్నా, అయిదేళ్లు చూడనక్కరలేదు" అంటాడు దుకాణదారు. మిరపకాయలు అమ్మిన డబ్బో, డ్వాక్రా గ్రూపులో తల్లి తీసిన అప్పో ఆ చీటీకి చెల్లిపోతుంది. కొన్ని ఇళ్లలో ఆరు నెలలు తిరగకముందే ఆ యంత్రం నత్తనడక నడుస్తుంది. కొన్ని ఇళ్లలో ఒక వానాకాలపు రాత్రి కరెంటు ఎగిరిపడి కాలిపోతుంది.

ప్రియ చదువరులారా, ఆ చీటీని ఒక్కొక్క పేరుగా చదువుకుందాం. మేము చెప్పదలచినది ముందే చెప్పేస్తాము. సాఫ్ట్‌వేరుకు పైసా పెట్టనక్కరలేదు. మిగిలిన సొమ్ములో ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనబడే భాగాలకు తక్కువ పెట్టి, డబ్బా లోపల ఎవరి కంటా పడని భాగాలకు ఎక్కువ పెట్టవలెను. 2025 చివరినుండి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. నేడు రాసిన ధర మీరు దుకాణానికి వెళ్లేనాటికి నిలవదు కనుక రూపాయల లెక్క ఇక్కడ వేయడం లేదు.

సాఫ్ట్‌వేరుతో మొదలు పెట్టడానికి కారణం ఉంది. ఏ సాఫ్ట్‌వేరు వేస్తామన్నదే ఏ భాగాలు కొనాలో నిర్ణయిస్తుంది. మేము చెప్పేది లినక్స్ గురించి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, సాఫ్ట్‌వేరును ఎవరైనా వాడుకొనే, పరిశీలించే, మార్చుకొనే, పంచుకొనే స్వేచ్ఛ ఉండాలని గ్నూ అనే పని ప్రారంభించారు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్‌ను లోకానికి ప్రకటించాడు. ఈ రెండూ కలిసి ఎదిగినదే నేడు మనం ఇంట్లో ఉచితంగా వేసుకోగలిగిన వ్యవస్థ. దానిలో అనేక రకాలున్నాయి. కొత్తవారికి మేము లినక్స్ మింట్ అనే రకాన్ని సూచిస్తాము. విండోస్‌కు అలవాటుపడిన చేతికి అది ఒకటి రెండు రోజులలో పట్టుబడుతుంది. ఇప్పటి 22వ వరుసకు 2029 వరకు సవరణలు అందుతాయి. అది నడవడానికి 2 జీబీ మెమరీ చాలునని, 4 జీబీ అయితే సుఖమని తయారుచేసినవారే చెప్పారు. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్స్ దానితోపాటే వస్తాయి. సి, పైథాన్, జావా నేర్చుకొనే పిల్లలకు కావలసినవన్నీ రుసుము లేకుండా దొరుకుతాయి. గుడిలో పాటలు తెరమీద చూపడానికి ఓపెన్ ఎల్‌పి అనే ప్రోగ్రాము కూడా ఇటువంటిదే.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా అనుకోవాలి. మన ఇళ్లలో, మన సంఘాల ఆఫీసులలో ఉన్న విండోస్ ఎంత భాగం డబ్బు కట్టి కొన్నది? "ఫ్రీగా వేసిస్తాను సార్" అని దుకాణంలో వేసి ఇచ్చినది ఉచితం కాదు, దొంగ కాపీ. దొంగతనం కూడదని ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పే మనం ఆ పాఠాన్నే దొంగ కాపీమీద టైపు చేయించడం ఏమి బాగుంటుంది? పైగా దాని తాళం విప్పే ప్రోగ్రాములతోపాటు వైరసులు రావడం మామూలు. లినక్స్‌ను పది ఇళ్లకు కాపీ చేసి ఇచ్చినా తప్పు లేదు. పంచుకోవడానికే అది పుట్టింది.

అయితే లినక్స్ అందరికీ సరిపడదు. ట్యాలీలో లెక్కలు రాసేవారికి, అను ఫాంట్లతో పెండ్లిపత్రికలూ కరపత్రాలూ కూర్చే డీటీపీ వారికి, ఆటోకాడ్, ఫోటోషాప్ తప్పనిసరి అయినవారికి విండోస్ కొనుక్కోక తప్పదు. మీ అమ్మాయి బీకాం చదువుతూ ట్యాలీ నేర్చుకోవలసి ఉంటే ఈ సంగతి ముందే కళాశాలలో కనుక్కోండి. వేలిముద్ర యంత్రంతో సేవాకేంద్రం నడుపుదామనుకునేవారు కూడా ఆ యంత్రం దేనితో నడుస్తుందో విచారించి మరీ కొనాలి.

తెలుగు విషయంలో భయం అక్కరలేదు. యూనికోడ్ తెలుగు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ఉన్నాయి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఎన్నో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెచ్చే పని చేస్తున్నది. పొరుగున కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు చాలా ఏళ్లుగా లినక్స్ మీదనే నేర్చుకుంటున్నారు. కనుక ఇది ఎవరో నిపుణులు మాత్రమే వాడేదని అనుకోవద్దు.

ఇక యంత్రం. కొత్తది కొనాలా, పాతది కొనాలా? సొమ్ము తక్కువైతే పాతదే అని మా అభిప్రాయం. దానికి ఈ కాలంలో ఒక ప్రత్యేకమైన కారణం కూడా ఉంది. విండోస్ 10కు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రోసెసరు దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తరువాతదో అయి ఉండాలి. అందుచేత కంపెనీలు, బ్యాంకులు ఆరు, ఏడు తరాల యంత్రాలను వదిలించుకుంటున్నాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పి ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పేర్లతో వచ్చే ఈ ఆఫీసు యంత్రాలు గట్టివి. విండోస్ 11కు పనికిరావన్న కారణంతోనే ధర తగ్గాయి. లినక్స్‌కు ఆ అభ్యంతరం లేదు. ఒకరికి పనికిరానిదైన ఆ పాత కోర్ ఐ5 మన పిల్లల చదువుకు పుష్కలం. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోను, ఇతర పట్టణాల కంప్యూటరు బజార్లలోను ఇటువంటివి అమ్ముతారు.

పాత యంత్రాన్ని ఎద్దును కొన్నట్టు పరీక్షించి కొనాలి. పళ్లు చూడాలి, నడిపించి చూడాలి. అందుకు ఉపాయం ఒక పెన్‌డ్రైవు. తెలిసిన విద్యార్థి చేత 8 జీబీ పెన్‌డ్రైవులో లినక్స్ మింట్ ఎక్కించుకొని వెంట తీసుకెళ్లండి. యంత్రంలో ఉన్నదేదీ చెరపకుండానే ఆ పెన్‌డ్రైవునుండి లినక్స్ నేరుగా నడుస్తుంది. ఆన్ చేయగానే డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పిలో ఎఫ్9 నొక్కితే దేనినుండి మొదలుపెట్టాలో అడుగుతుంది. ఇక్కడే తాళపుమాట అడిగిందంటే పాత కంపెనీ పెట్టిన తాళం ఇంకా విప్పలేదన్నమాట. దానిని అక్కడే తీయించండి, లేదా మరొకటి చూడండి. లినక్స్ తెరమీదకు వచ్చాక తెర నిండుగా ఒక వీడియో అరగంట ఆడనివ్వండి. టీ తాగి రండి. ఆ లోపల యంత్రం వేడెక్కి ఆగిపోతే మీ డబ్బు మిగిలినట్టే. శబ్దం వస్తున్నదా, అన్ని యూఎస్‌బీ రంధ్రాలూ పనిచేస్తున్నవా చూడండి. మింట్‌లో డిస్కులను చూపే ప్రోగ్రాము ఒకటుంది. దానిలో ఆ డిస్కు ఇంతవరకు ఎన్ని గంటలు నడిచిందో తెలుస్తుంది. రాత్రింబగళ్లు నడిస్తే ఏడాదికి 8,760 గంటలు. ఆఫీసు వేళలు మాత్రమే నడిస్తే సుమారు రెండున్నర వేలు. ఏడేళ్ల యంత్రంలో యాభై వేల గంటల డిస్కు కనబడితే అది ఆఫీసు బల్లమీద కాక రాత్రింబగళ్లు నడిచే చోట పనిచేసి వచ్చిందని అర్థం.

పాతవాటిలో మరీ చిన్న డబ్బాలు చూడ ముచ్చటగా ఉంటాయి గాని, వాటి లోపలి కరెంటు పెట్టె, అంటే ఎస్.ఎం.పి.ఎస్., ఆ కంపెనీకే ప్రత్యేకమైన కొలతలో ఉంటుంది. అది పోయినప్పుడు మండలకేంద్రంలో దొరకదు. పెద్ద డబ్బాదానిలో కూడా కొన్నిటికి బోర్డుకు తగిలించే తీగల తల వేరుగా ఉంటుంది. మారిస్తే ఏది సరిపడుతుందో అడిగి రాయించుకోండి. పాతదానికి మీరు తప్పక పెట్టవలసిన ఖర్చు కొత్త ఎస్.ఎస్.డి. ఒకటి, గడియారం నిలిపే నాణెం బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఒకటి. 32 బిట్ల కాలంనాటి ప్రోసెసరున్న యంత్రాన్ని మాత్రం ఊరకే ఇచ్చినా వద్దనండి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా అటువంటివాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానివేసింది.

కొత్తది కూర్పించుకునేవారు ప్రోసెసరు దగ్గర ఒక్క అక్షరం చూసుకోవాలి. బొమ్మను తెరమీదకు పంపే శక్తి కొన్ని ప్రోసెసర్లలోనే ఉంటుంది. ఇంటెల్ ఐ3-12100లో అది ఉంది, అదే పేరు చివర ఎఫ్ అని ఉంటే లేదు. ఏఎమ్‌డి రైజన్ 5 5600జిలో ఉంది, చివర జి లేని 5600లో లేదు. లేనిది కొంచెం చౌక. దానిని చూపి చీటీ మొత్తం తగ్గించి, తరువాత "గ్రాఫిక్స్ కార్డు కావాలి కదండీ" అంటారు. ఆ కార్డుగా పాత జీటీ 710 వంటిది అంటగడతారు. దానికి తయారీ కంపెనీ భద్రతా సవరణలు కూడా 2024తో ముగిశాయి. చదువుకు, ఉత్తరాలకు, వీడియో పాఠాలకు విడి కార్డు అక్కరలేదు. ఇంటెల్, ఏఎమ్‌డి బొమ్మల చిప్పులకు కావలసిన డ్రైవర్లు లినక్స్‌లోనే కలిసి వస్తాయి. వేసిన నిమిషంనుండి పనిచేస్తాయి. నాలుగు కోర్ల ప్రోసెసరు చాలు. ఐ7 అనే పేరుకు పెట్టే సొమ్ము ఎస్.ఎస్.డి.కి, యూపీఎస్‌కు పెట్టండి.

మదర్‌బోర్డు ఇంటెల్‌కైతే హెచ్610, ఏఎమ్‌డిలో మేము చెప్పినదానికైతే ఏ520 తరగతి సరిపోతుంది. మెమరీ పెట్టే గాడులు కనీసం రెండు ఉండాలి. ఎం.2 గాడి ఒకటి ఉండాలి. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 మెమరీ దూరదు. హెచ్610 బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి కనుక బోర్డునూ మెమరీనీ ఒకే చోట, ఒకేసారి కొనండి. మెమరీ 8 జీబీతో మొదలుపెట్టవచ్చు. ధరలు మండుతున్న ఈ రోజులలో రెండో గాడి ఖాళీగా ఉంచి, తగ్గినప్పుడు మరో 8 వేసుకోవడం తెలివి. ఇంజనీరింగు పిల్లలు ఫోను ప్రోగ్రాములు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వాడవలసివస్తే మాత్రం మొదటే 16 ఉండాలి.

పాత హార్డ్ డిస్కుకూ ఎస్.ఎస్.డి.కీ మధ్య తేడా చెప్పనలవి కాదు. తిరిగే పళ్లెంమీద సూది వెదకినట్టు వెదికే డిస్కుతో ఎంత మంచి ప్రోసెసరైనా కాచుకొని కూర్చోవలసినదే. పాత యంత్రం పడుచుదైనట్టనిపించేది ఎస్.ఎస్.డి. వేసినప్పుడే. 256 జీబీ చాలు, కుదిరితే 512. అంగడిలో అతి చౌకగా 1 టీబీ అని అమ్మే పేరులేని సరుకు జోలికి పోవద్దు. చెప్పినంత స్థలం లోపల ఉండని బాపతు అటువంటివాటిలో ఉంటాయి.

ఇప్పుడు కరెంటు. పల్లెటూళ్లలో ఉండేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. మోటార్లు ఆన్ అయినప్పుడు దీపం మినుకుమనే ఊళ్లో, ట్రాన్స్‌ఫార్మరు వారానికొకసారి పేలే ఊళ్లో, కంప్యూటరుకు శత్రువు వైరసు కాదు, కరెంటే. చీటీలో "క్యాబినెట్ విత్ ఎస్.ఎం.పి.ఎస్." అని కలిపి రాసి ఉంటే క్యాబినెట్టుతో ఉచితంగా వచ్చే తేలికపాటి పెట్టె అన్నమాట. చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది, బరువుండదు. అది కాలేటప్పుడు తానొక్కటే కాలదు, బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోవచ్చు. క్యాబినెట్టు ఎంత నాసిదైనా ఫరవాలేదు, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు ఉన్నది విడిగా రాయించండి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ఈ యంత్రం వంద వాట్లు వాడడమే అరుదు. కనుక 450 వాట్లది కావలసినంత. 750 అని చెప్పేవారికి నమస్కారం పెట్టండి.

డబ్బాను ముట్టుకుంటే జిల్లుమంటున్నదని కొందరు చెబుతుంటారు. యంత్రం చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోతారు. చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు, ఇంటిది. మూడు పిన్నుల ప్లగ్గుకు ఇంట్లో ఎర్తింగు లేదు. ఉన్న ప్లగ్గు పాయింటుకు మూడో రంధ్రం ఉంటుంది గాని, దాని వెనుక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంట తీయించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగు పెట్టించండి. ఎండాకాలంలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఈ ఖర్చు కంప్యూటరు చీటీలో ఉండదు గాని, ఇంట్లో ఫ్రిజ్జుకూ గ్రైండరుకూ మనుషులకూ కూడా రక్షణ అదే.

తరువాత 600 వీఏ యూపీఎస్. కరెంటు పోయాక సినిమా చూడడానికి కాదు అది, రాసినది భద్రపరచి యంత్రాన్ని సక్రమంగా ఆపే పది నిమిషాలకు. ఇంటికి ఇన్వర్టరు ఉన్నవారు దాని వెనుక యూపీఎస్ మోడ్ అనే మీట ఉన్నదేమో చూడండి. మామూలు మోడ్‌లో అది అందుకునేలోపల కంప్యూటరు ఆరిపోవచ్చు. ఉరుములు మొదలైతే యూపీఎస్‌ను నమ్ముకోక ప్లగ్గు పీకివేయండి, ఇంటర్నెట్ తీగ ఉంటే అదీ పీకండి.

మానిటరు, కీబోర్డు, మౌసు ఏవైనా ఫరవాలేదు. పాత ఆఫీసు యంత్రాలలో చాలావాటికి డిస్‌ప్లే పోర్టు అనే రంధ్రం ఉంటుంది. మీ మానిటరు తీగ తల దానికి సరిపోతుందో లేదో మాత్రం చూసుకోండి.

ఇంటర్నెట్ కోసం గోరంత వైఫై ముక్కలు అమ్ముతారు. వాటిలో కొన్నిటికి లినక్స్‌లో డ్రైవరు సిద్ధంగా ఉండదు, పిల్లలు దానితో రోజులకొద్దీ కుస్తీ పట్టవలసివస్తుంది. ఇంటెల్ వైఫై కార్డులతో ఈ బాధ తక్కువ. అసలు ఏదీ కొననక్కరలేని దారి ఇంకొకటి ఉంది. మీ ఫోనును ఛార్జింగు తీగతో కంప్యూటరుకు కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కండి. లినక్స్ దానిని వెంటనే గుర్తుపడుతుంది, ఫోను కూడా ఛార్జి అవుతుంది.

ప్రింటరు కొనేవారు ముందు అడిగి, తరువాత కొనాలి. మన ఊళ్లలో ప్రతి జిరాక్సు దుకాణంలో కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900 గట్టిదే గాని, దాని భాష వేరు. లినక్స్‌లో దానిని దారికి తేవడం కష్టం. హెచ్‌పి ప్రింటర్లలో అనేకం హెచ్‌పి వారే ఇచ్చిన ఓపెన్ సోర్సు డ్రైవరుతో నడుస్తాయి. ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉన్న కొత్త ప్రింటర్లు సాధారణంగా ఏ డ్రైవరూ అడగవు.

డబ్బు కట్టేముందు జీఎస్‌టీ బిల్లు అడగండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అనే మాట వినవద్దు. 18 శాతం పన్ను మిగిలిందనుకుంటారు గాని, ఎస్.ఎస్.డి. రెండో ఏట పోయినప్పుడు కంపెనీవారు అడిగేది ఆ బిల్లే. ప్రతి భాగం పేరు, దాని సీరియల్ నంబరు బిల్లుమీద విడివిడిగా రాయించండి. ఇంటికి రాగానే దానిని ఫోనులో ఫోటో తీసి ఉంచండి, ఉష్ణానికి ఆ కాగితంమీద అక్షరాలు ఏడాదిలో మాసిపోతాయి. సాఫ్ట్‌వేరు వేసిన పెన్‌డ్రైవును చెరపకుండా బీరువాలో పెట్టండి. యంత్రం ఎప్పుడైనా మొరాయిస్తే దానితోనే లేపి, లోపలి ఫోటోలు, పిల్లల ప్రాజెక్టులు మరో డిస్కులోకి తీసుకోవచ్చు. యూపీఎస్‌లోని బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చవలసివస్తుంది. కొన్న తేదీని దాని వెనుక పెన్నుతో రాసి ఉంచండి.